తలనొప్పి లేదన్నాను

మా తమ్ముడి ఎడమ కన్ను నా చేతి దెబ్బకు పోయింది. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది. ఇది ముందు రాయకపోతే మిగతాదంతా అబద్ధంలాగే ఉంటుందని ముందే రాసేస్తున్నాను.

నాకు వచ్చిన జబ్బుకు డాక్టర్లు పొడుగాటి పేరు చెప్పారు. నాకు అర్థమైనంతలో చెప్పాలంటే, గాలి పలచబడే ఎత్తుకు ఎక్కినప్పుడు కొందరికి మెదడు వాస్తుంది. పుర్రె సాగదు కదా. లోపల చోటు చాలక మెదడు నలిగిపోతుంటే మనిషి మొదట తూలుతాడు, తర్వాత పిచ్చిగా మాట్లాడతాడు, ఆ తర్వాత పడిపోతాడు. వెంటనే కిందికి దింపితే బతుకుతాడు. నన్ను దింపారు, బతికాను. కొండలకు పోదామని బూట్లు కొనుక్కుంటున్నవాళ్ళ కోసం, వాళ్ళను సాగనంపే ఇంట్లోవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నా మనసు కుదుటపడటం కోసం కూడా.

వెళ్ళకముందు

అశోక్‌నగర్‌లో పోటీపరీక్షల కోచింగ్ సెంటర్లో పంతొమ్మిదేళ్ళుగా జాగ్రఫీ చెబుతున్నాను. పెళ్ళి చేసుకోలేదు. చిక్కడపల్లిలో మా నాన్న కట్టిన ఇంట్లో పైఅంతస్తు నాది. కింద మా తమ్ముడు నరేశ్, వాడి భార్య సరిత, వాళ్ళ తొమ్మిదేళ్ళ కూతురు చిన్ని ఉంటారు. నరేశ్ నాకంటే ఐదేళ్ళు చిన్న. పక్క గల్లీలో వాడికి మోటార్ వైండింగ్ షాపు ఉంది. కాలిపోయిన మోటార్ల లోపలి రాగితీగ పీకేసి, కొత్త తీగ చుట్టి బతికిస్తాడు. వెంట్రుకంత తీగను సన్నటి గాడిలోకి తోయాలి. చూపు, వేలు రెండూ కలిసి పనిచేస్తేనే అయ్యే పని.

ఒకరోజు క్లాసులో హిమానీనదాల గురించి చెబుతుంటే వెనక నుంచి ఒకమ్మాయి అడిగింది: "మేడం, మీరెప్పుడన్నా మంచు ముట్టుకున్నరా?"

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆదివారం నారాయణగూడలో యూత్ హాస్టల్ హాల్లో ట్రెకింగ్ వాళ్ళ మీటింగ్ ఉందని తెలిసి వెళ్ళి పేరు రాయించుకున్నాను. ఉత్తరాఖండ్‌లో ఒక కనుమ దాటే నడక. తొమ్మిది రోజులు. పదిహేను వేల అడుగులపైన ఎత్తు.

"ఒక్కదాన్ని ఎట్ల పంపిస్తననుకున్నవ్ అక్క? నేను గూడ వస్త" అన్నాడు నరేశ్. నన్ను కాయడానికే వస్తున్నానన్నాడు గానీ, రెండు రోజులు తిరక్కముందే నాకంటే వాడికే ఉత్సాహం ఎక్కువైంది. రోజూ పొద్దున్నే భుజాల సంచుల్లో ఐదేసి లీటర్ల నీళ్ళ డబ్బాలు పెట్టుకుని ఇద్దరం చిక్కడపల్లి మెట్రో మెట్లు పదిసార్లు ఎక్కి దిగేవాళ్ళం. మూడో రోజు అక్కడి సెక్యూరిటీ ఆమె ఉండబట్టలేక "మేడం, లిఫ్ట్ ఉన్నది గద, ఎందుకు పరేషాన్ అయితున్నరు?" అంది.

సరిత మాత్రం బయల్దేరే రోజు నా చేయి పట్టుకుని ఒక్కటే మాట అంది. "ఆయన మీరెంత చెప్తే అంత వదిన. జర చూసుకోండ్రి."

మే నెల చివర, కొండ మీద

నాలుగు రోజులు బాగానే నడిచాను. మంచు ముట్టుకున్నాను. చిన్నికి చూపించాలని వీడియో కూడా తీశాను.

ఐదో రోజు మధ్యాహ్నం తలనొప్పి మొదలైంది. సాయంత్రానికి అది నాకు తెలిసిన తలనొప్పిలా లేదు. కణతలో మేకు పెట్టి, నేను వేసే ప్రతి అడుక్కీ ఎవరో ఒక దెబ్బ వేస్తున్నట్టుంది. వంగితే కళ్ళు ఊడి కింద పడతాయేమో అనిపించింది. గుడారాల వెనక బండ చాటుకు వెళ్ళి వాంతి చేసుకున్నాను. బూటుతో మంచు తోసి కప్పేశాను. ఎవరూ చూడలేదనుకున్నాను.

మా గైడ్ ప్రేమ్‌సింగ్ అక్కడివాడే, యాభై ఏళ్ళ మనిషి. రోజూ సాయంత్రం ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి వేలికి క్లిప్పు పెట్టి రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూసేవాడు. తలనొప్పుందా, వాంతయిందా అని అడిగేవాడు. ఒక కాలి వేళ్ళకు ఇంకో కాలి మడమ ఆనించి గీత మీద నడిపించేవాడు. ఆ రోజు నేను గీత మీద రెండుసార్లు తూలాను.

"ఏమైంది దీదీ?" అన్నాడు హిందీలో.

"పొద్దున మడమ మెలిక పడింది."

నా ముఖంలోకి చూశాడు. "కొండ ఎక్కడికీ పోదు దీదీ. వచ్చే ఏడూ ఇక్కడే ఉంటుంది. తలనొప్పుంటే చెప్పు. ఇప్పుడే కిందికి దింపుతా, రెండు గంటల పని."

"లేదు" అన్నాను. "తలనొప్పి లేదు."

గుడారంలో నరేశ్ మళ్ళీ అడిగాడు. "అక్క, మంచిగనే ఉన్నవా?"

"నాకేమైంది? నువ్వు పడుకో."

నొప్పి మాత్రలు రెండు మింగాను. కనుమ ఇంకొక్క రోజు దూరంలో ఉంది. నేను దిగితే నాతోపాటు నరేశ్ దిగాలి, ఒక గైడ్ దిగాలి. దిగి అశోక్‌నగర్ వెళ్ళి ఆ పిల్లలకు ఏం చెప్పాలి? ఒక్క రోజు ఓర్చుకుంటే చాలనుకున్నాను. అప్పుడు నా మెదడు వాచి ఉందో లేదో నాకు తెలియదు. అబద్ధం చెబుతున్నానని మాత్రం తెలుసు.

ఆరో రోజు

ఆ ఉదయం గురించి నాకు గుర్తున్నది ఇది.

నేను క్లాసులో ఉన్నాను. బోర్డు తెల్లగా ఉంది, సుద్దముక్క కనపడదు. పిల్లలు కూర్చోకుండా అటూ ఇటూ తిరుగుతున్నారు. ముఖానికి గుడ్డ చుట్టుకున్న ఒకడు నా రెక్క పట్టుకున్నాడు. వాడికి కళ్ళు లేవు, కళ్ళున్నచోట నల్లటి అద్దాలు. వాడు నన్ను లోయలోకి తోయడానికే వచ్చాడు. నన్ను చంపుతాడు. అంత నిశ్చయంగా జీవితంలో మరే సంగతీ నాకు తెలియదు. చచ్చేలోగా వాణ్ణి చంపాలి. చేతిలో ఏదో ఉంది. పొడిచాను. మెత్తగా దిగింది. సంతోషమేసింది.

ఆ సంతోషం నాకు గుర్తుంది. మరిచిపోయి ఉంటే బాగుండేది.

జరిగింది ఇది. తర్వాత ప్రేమ్‌సింగ్ చెప్పాడు, నరేశ్ ముక్కలు ముక్కలుగా చెప్పాడు.

నేను బూట్లు తారుమారుగా వేసుకుని, ఒక చేతికే గ్లవ్ తొడుక్కుని గుడారంలోంచి బయటికొచ్చి పాఠం చెప్పడం మొదలుపెట్టాను. మూడుసార్లు పడ్డాను. ప్రేమ్‌సింగ్ చూడగానే తెలుసుకుని ఆక్సిజన్ పెట్టబోయాడు. మాస్కు పీకి పారేసి, ఆయన బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గ్లవ్ మీదుగానే కరిచాను. పళ్ళు ఎముక దాకా దిగాయి. ఇంకో గైడ్ వచ్చి వెనక నుంచి పట్టుకుని నా నోరు విడిపించాల్సి వచ్చింది. అలాగే అదిమిపట్టి సూది మందు ఇచ్చారు. వెంటనే దించాలన్నారు. తాడుతో కడదామన్నారు.

నరేశ్ ఒప్పుకోలేదు. "మా అక్కను కట్టెయ్యొద్దు. నేను పట్టుకుంట, వస్తది" అన్నాడు.

మత్తుగా నడిచానట కొంతదూరం. ఆసరాకని చేతికి కర్ర ఇచ్చారు, కింద ఇనుప మొన ఉండే నడక కర్ర. రాళ్ళ వాలు దగ్గర నరేశ్ నన్ను ఆపి, బూట్లు సరిగా తొడుగుదామని నా ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మసకబారాయని నల్లద్దాలు తీసి నెత్తిమీద పెట్టుకున్నాడు. నేను రెండు చేతులతో కర్ర ఎత్తి కొట్టాను. మొదటి దెబ్బ భుజం మీద పడింది. వాడు తలెత్తి "అక్క" అన్నాడు. రెండోసారి మొనతో పొడిచాను.

వాడు అరవలేదట. వెల్లకిలా పడ్డాడు. రెండు చేతులూ ముఖం మీద పెట్టుకుంటే వేళ్ళ సందుల్లోంచి రక్తం మోచేతుల దాకా కారిందట. పడినవాణ్ణి బూటుతో ముఖం మీద తన్నాను. ఒక పన్ను కదిలింది. మూడోసారి కర్ర ఎత్తేలోగా ఇద్దరు గైడ్లు మీద పడి నన్ను రాళ్ళ మీద బోర్లా తొక్కిపట్టారు.

అప్పుడు కట్టారు. చేతులు, కాళ్ళు కట్టి, నిద్రసంచిలో కుక్కి, పైన తాడు చుట్టి, వీపుల మీద మార్చి మార్చి మోశారు. నడిస్తే రెండు గంటల దారి, మోయడానికి ఆరు గంటలు పట్టింది. దారిపొడుగునా తిట్టాను. మా నాన్న తాగి వచ్చినప్పుడు అమ్మను తిట్టిన తిట్లన్నీ వరసగా తిట్టాను. ఆ గుంపులో తెలుగు వచ్చినవాళ్ళు ముందు నడుస్తున్నారు. దగ్గరుండి ఆ తిట్లు విన్నది నరేశ్ ఒక్కడే. మఫ్లర్‌తో కన్ను కట్టుకుని పక్కనే నడిచాడు. రెండుసార్లు తన వీపు మీద కూడా మోశాడు.

దిగేకొద్దీ తిట్లు ఆగాయి. కింద గొర్రెలవాళ్ళ గుడిసె దగ్గర నీళ్ళడిగాను. నరేశ్ తాగించాడు. వాడి ముఖానికి నల్లగా గడ్డకట్టిన మఫ్లర్ చూసి "కంటికేమైందిరా?" అన్నాను.

"కొమ్మ తగిలిందక్క" అన్నాడు.

ఆ ఎత్తులో చెట్లుండవు. చెట్లు ఎక్కడ ఆగిపోతాయో పంతొమ్మిదేళ్ళుగా పాఠం చెబుతున్నాను. అయినా నమ్మాను.

జూన్ మొదట్లో, కొండ కింది ఊళ్ళో ఆస్పత్రి

నాలుగో రోజుకు నాకు మనుషులు సరిగ్గా కనపడసాగారు. నరేశ్ కంటికి అక్కడే ఒక ఆపరేషన్ చేసి కుట్లు వేశారు. వాడి మంచం మగవాళ్ళ వార్డులో. రోజూ కట్టుతో వచ్చి నా పక్కన కూర్చునేవాడు. కొమ్మ మాటే అందరికీ చెప్పాడు.

ప్రేమ్‌సింగ్ చూడ్డానికొచ్చాడు. చేతికి పెద్ద కట్టు.

"మీకేమైంది?" అన్నాను.

ఆయన నరేశ్ వైపు చూశాడు. నరేశ్ తల వంచుకున్నాడు. ఒక్కసారిగా ఆ నల్లద్దాలవాడు, మెత్తగా దిగిన మొన, ఆ సంతోషం, అన్నీ నరేశ్ ముఖం మీదికి వచ్చి కూర్చున్నాయి.

మంచం కమ్మీకేసి నా కుడిచేతిని కొట్టుకున్నాను. చర్మం చిట్లేదాకా కొట్టుకున్నాను. సెలైన్ సూది ఊడి రక్తం చిమ్మింది. నరేశ్ పట్టుకోబోతే "నా దగ్గరికి రాకు, చంపుతా" అని కేక పెట్టాను. ఒక నర్సు వచ్చి, నా చేతిని పరుపు మీద పెట్టి దాని మీద కూర్చుంది. బరువైన మనిషి. అరగంట అలాగే కూర్చుని చార్టులు రాసుకుంది. ఆమె పేరు నాకు తెలియదు.

ఆ సాయంత్రం సరిత వచ్చింది. అదే ఆమె మొదటి విమానప్రయాణం. చిన్నిని కాచిగూడలో వాళ్ళమ్మ దగ్గర వదిలి, కట్టుకున్న చీరతో వచ్చేసింది. నరేశ్ దగ్గర ఎంతసేపు ఏడ్చిందో నాకు తెలియదు. నా దగ్గరికొచ్చేసరికి కళ్ళు తుడుచుకునే వచ్చింది. వారం రోజులుగా అట్టకట్టిన నా జుట్టు విప్పి, చిక్కులు తీస్తూ అంది:

"మీరేం జేస్తరు వదిన, జబ్బు జేసింది."

ఆ మాట అప్పుడు అమృతంలా తాగాను.

జూన్ మధ్యలో, నారాయణగూడ

ఫ్లైఓవర్‌కు దగ్గర్లో ఒక కంటి ఆస్పత్రి. హాల్లో ఆకుపచ్చ కుర్చీలు, గొంతు లేని టీవీ, టోకెన్ నంబర్ల కేక. బయట బస్సులు, ఆటోల హారన్లు. ప్రతి హారన్‌కూ నా పుర్రెలో ఏదో పగిలేది. ఇంకా గోడ పట్టుకునే నడుస్తున్నాను.

డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. ఆ కంటికి ఇక చూపు రాదు. దాన్ని అలాగే ఉంచితే ఒక్కోసారి శరీరం తికమకపడి రెండో కంటి మీద కూడా దాడి చేస్తుంది. అరుదే, కానీ జరుగుతుంది. తీసెయ్యడం మేలు. రేపటిలోగా చెప్పండి.

"మంచి కంటి మీద దాడి చేస్తదా?" అన్నాడు నరేశ్. "అది దానికి ఏం జేసిందని?"

సరిత సంతకం పెట్టింది.

ఆపరేషన్ రోజు హాల్లో నా పక్కన గుంటూరు వైపు నుంచి వచ్చిన పెద్దావిడ కూర్చుంది, శుక్లాల కోసం. నరేశ్‌ను లోపలికి తీసుకెళ్ళకముందు ఆవిడ అడిగింది. "ఏం నాయనా, యాక్సిడెంటా?"

"అవునమ్మ. బండి మీద పోతుంటే కొమ్మ తగిలింది."

"చూడండి మరి! రోడ్డు మీద కొమ్మలు కొట్టించే దిక్కు లేదు. అడిగేవాళ్ళే లేరు" అని మునిసిపాలిటీని కడుపారా తిట్టింది.

వాణ్ణి లోపలికి తీసుకెళ్ళారు. సరిత మందుల కౌంటర్ దగ్గరికి వెళ్ళింది. నేను లేచి నిలబడబోయి తూలి కుర్చీల మధ్య పడ్డాను. ఆ పెద్దావిడే లేపి కూర్చోబెట్టి, సీసాలోంచి మజ్జిగ పోసిచ్చింది. "భయపడకమ్మా, తమ్ముడికి నయమైపోతుంది."

"కొమ్మ కాదండీ" అన్నాను. "నేనే పొడిచాను."

నా మణికట్టు మీద వేసిన చేయి తీసేస్తుందని చూశాను. తీయలేదు. ఆవిడ టోకెన్ పిలిచేదాకా అది అక్కడే ఉంది.

జులై, ఆగస్టు, ఇంట్లో

ఒళ్ళు నయమవుతుంటే కోపం మొదలైంది. ఎవరి మీదో నాకే తెలియదు. మాటలు అందేవి కావు. గరిటె అనబోయి "అది, ఆ పొడుగుది" అనేదాన్ని. అందని మాట కోసం ఎదురుగా ఉన్న వస్తువు విసిరేదాన్ని. కుక్కర్ మూత కిటికీ అద్దానికి తగిలింది. ఒక మధ్యాహ్నం గోడ మీది భారతదేశం మ్యాపు చూస్తుంటే ఒళ్ళు మండి, చింపి, చేతులు చాలక పళ్ళతో పీకాను. గుమ్మంలో చిన్ని నిలబడి ఉంది, స్కూల్ డ్రాయింగ్ చూపించడానికి వచ్చి. నోట్లో కాగితంతో నేను తిరిగి చూశాను. ఆ పిల్ల పెట్టిన కేక గల్లీ అంతా వినపడింది. ఆ తర్వాత సరిత దాన్ని పైకి పంపడం మానేసింది.

కింద ఇంకో యుద్ధం. ఒక కంటికి దూరం తెలియదు. నరేశ్ గ్లాసు పక్కన చాయ్ పోసేవాడు. మెట్టు ఉందనుకున్నచోట ఉండేది కాదు. షాపులో తీగ గాడి పక్కకు పోయి వేలిలో గుచ్చుకునేది. ఒకరోజు నేను గోడ పట్టుకుని నడక ప్రాక్టీస్ చేస్తూ షాపు దాకా వెళ్ళాను. లోపల వాడు సుత్తి పట్టుకుని ఒక మోటారును కొడుతున్నాడు. బాగుచేయడానికి కాదు. పళ్ళు బిగించి, ఊపిరి ఎగబీలుస్తూ, ఇనుప తొడుగు పగిలి ముక్కలు గోడకు తగిలేదాకా కొట్టాడు. చిన్నప్పుడు చీమను కూడా తొక్కని మనిషి. నన్ను చూసి సుత్తి కింద పెట్టాడు.

"ఏం లేదక్క. తుప్పు వట్టింది, వస్తలేదు."

బంధువులు వచ్చి పోయేవాళ్ళు. అందరికీ సరిత ఒకటే చెప్పేది. "ఆమె ఏం జేస్తది, జబ్బు జేసింది." మొదట్లో అమృతంలా తాగిన మాట, రోజూ వింటుంటే గొంతులో ఎముకలా అడ్డం పడసాగింది. కర్ర ఎత్తిన చేయి నాది కాదు, జబ్బుదే. ఒప్పుకుంటాను. కానీ అంతకుముందు సాయంత్రం బూటుతో మంచు తోసి వాంతిని కప్పిన కాలు ఎవరిది?

సెప్టెంబరు

మళ్ళీ క్లాసుకు వెళ్ళాను. కుర్చీలో కూర్చునే చెప్పమన్నారు. మొదటిరోజే బ్రహ్మపుత్ర పేరు నోటికి రాలేదు. ముందు వరసలోవాళ్ళు మెల్లగా అందించారు. ఎవరూ నవ్వలేదు.

క్లాసయ్యాక ఒకబ్బాయి అడిగాడు. నోట్సు రాసుకునేవాడిలా శ్రద్ధగా అడిగాడు. "మేడం, మీకు ముందుగాల ఏం తెల్వలేదా? ఒక్కసారే వచ్చిందా?"

"ఒక్కసారే వచ్చింది" అన్నాను.

ఈసారి మెదడు వాచి లేదు. గాలి నిండుగా ఉంది. ఎంఆర్ఐ మంచిగా వచ్చిందని వారం కిందే చెప్పారు. ఆరోగ్యంగా ఉండి, స్పష్టంగా ఆలోచించి చెప్పిన అబద్ధం. అశోక్‌నగర్ నుంచి చిక్కడపల్లి దాకా నడిచి వెళ్ళాను. దారిలో లైబ్రరీ దగ్గర అరుగు మీద ఒకసారి కూర్చోవాల్సి వచ్చింది. లేచి ఇంటికే వెళ్ళాను. పైకి ఎక్కకుండా కింద తలుపు కొట్టాను.

సరిత చేటలో చిక్కుడుకాయలు తుంచుతోంది. నరేశ్ కొత్తగా పెట్టించుకున్న గాజుకన్ను తీసి గిన్నెలో నీళ్ళతో కడుగుతున్నాడు. చిన్ని ట్యూషన్‌కు వెళ్ళింది. నిలబడే చెప్పాను.

"ముందు రోజే నాకు తలనొప్పి ఉండె. చచ్చేంత నొప్పి. వాంతి గూడ చేసుకున్న. ప్రేమ్‌సింగ్ అడిగిండు. రెండుసార్లు అడిగిండు. దించుతనన్నడు. లేదని చెప్పిన. మడమ మెలిక పడ్డదని గూడ చెప్పిన. జబ్బు జేసింది నిజమే సరితా. కానీ అబద్ధం జెప్పింది జబ్బు కాదు. నేనే."

సరిత చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉంది. "ఎవరు దించుతనన్నరు?"

"గైడ్."

"ఎన్ని గంటల్ల?"

"రెండు గంటల్ల."

లేచింది. చేట తన్నుకుని కాయలు చెల్లాచెదురయ్యాయి. నా చెంప మీద కొట్టింది. నా జీవితంలో అంత గట్టి దెబ్బ తిన్లేదు. తల తలుపుకు తగిలి చెవిలో గుయ్యిమంది. రెండో చెంప మీద కొట్టింది. జుట్టు పట్టుకుని వంచింది, తన చేతులతో చిక్కులు తీసిన జుట్టే. "నాలుగు నెలల సంది నేను ఏం జెప్తున్న? ఊరందరికి ఏం జెప్తున్న?" అంటూ వీపు మీద పిడికిళ్ళతో గుద్దింది. నేను చేతులు అడ్డం పెట్టలేదు. వింతగా, ఆ దెబ్బల కింద నాకు ఒళ్ళు తేలికైంది. జబ్బుమనిషిని ఎవరూ కొట్టరు.

"సరిత! ఆపు!" నరేశ్ మధ్యలోకి వచ్చాడు, ఒక చేత్తో ఖాళీ కంటిని మూసుకుని. "ఆపు. నాకు తెలుసు."

ఆమె చేయి గాల్లో ఆగింది.

"బండ ఎన్క వాంతి జేసుకునేడిది చూసిన" అన్నాడు. "గుడారంల మాత్రలు మింగిన సప్పుడు గూడ విన్న. మంచిగనే ఉన్నవా అని అడిగిన గద, లేదంటదేమో అని భయపడుకుంట అడిగిన. నాకేమైంది అన్నది. ఊకున్న. ప్రేమ్‌సింగ్‌కు చెప్పలే."

"ఎందుకు?" అంది సరిత.

"నాకు గూడ పైకి పోవాలనుండె."

నేను కూలబడ్డాను. ఆమె నన్ను వదిలి వాడి మీదికి వెళ్ళింది. ఛాతీ మీద రెండు చేతులతో కొట్టింది, తోసింది. వాడు గోడకు తగిలి, గోడ వెంటే జారి కూర్చున్నాడు. గిన్నె దొర్లి నీళ్ళు పోయాయి. గాజుకన్ను గచ్చు మీద కాయల మధ్యకు దొర్లింది. సరితే వంగి తీసింది. కొంగుతో తుడిచి, పిడికిట్లో పట్టుకుని, మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"అక్కాతమ్ముళ్ళు గలిసి పోయిన్రు గద. అంత ఏముండె ఆ పైన? చెప్పుండ్రి. నాకు గూడ చెప్పుండ్రి."

ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

"పైదాంక పోనే లేదు సరిత" అన్నాడు నరేశ్.

ఇప్పుడు

సరిత మూడు వారాలు ఇద్దరితోనూ మాట్లాడలేదు. తర్వాత మాట్లాడింది గానీ, మునుపటి మెత్తదనం లేదు. బంధువులు అడిగితే "తలనొప్పి దాచిన్రు, గట్లయింది" అని ముఖం మీదే చెబుతుంది. ప్రేమ్‌సింగ్‌కు ఫోన్ చేసి నిజం చెప్పాను. ఆయన తన చేతివేళ్ళు ఇప్పుడు సరిగా ముడుచుకుంటున్నాయని చెప్పాడు. క్లాసులో ఆ అబ్బాయిని పిలిచి, ఒక్కసారే రాలేదని చెప్పాను.

మీరు ఎక్కుతారు. ఎక్కండి. తల నొస్తే నొస్తోందని చెప్పండి. పక్కవాడు దాస్తున్నాడని తెలిస్తే వాడి తరఫున మీరు చెప్పండి. తిట్టినా చెప్పండి. ఇంతకుమించి నాకేమీ తెలియదు.

షాపులో గాడిలోకి తీగ తోసే పని సరిత నేర్చుకుంది. ఆమె వేళ్ళు నరేశ్ వేళ్ళంత చురుగ్గా అయ్యాయి. తీగ తెగకుండా బిగువుగా పట్టి అందించడానికి ఇంకో మనిషి కావాలి. సాయంత్రం క్లాసు నుంచి వచ్చి చాయ్ తాగుతుండగానే కింద నుంచి కేక వినపడుతుంది.

"వదిన! ఎంతసేపు? నడువుండ్రి, మోటార్ రేపే ఇయ్యాలె!"

కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టూ చూసుకుంటూ, దిగుతాను.